పరిశ్రమ అవార్డుతో వ్యాపారానికి ప్రచారం: ఎంపిక నుంచి ప్రెస్ నోట్ దాకా ఎలా చేయాలి

"అభినందనలు సార్, మీ కంపెనీ ఈ ఏడాది ఎక్సలెన్స్ అవార్డుకు సెలెక్ట్ అయింది." వ్యాపారం పెట్టి రెండేళ్లు దాటినవాళ్లలో ఈ ఫోన్ రానివాళ్లు తక్కువ. మీరు దరఖాస్తు చేయలేదు. మీ ఫ్యాక్టరీ గేటు ఏ రంగులో ఉంటుందో కూడా వాళ్లకు తెలియదు. అయినా సెలెక్ట్ అయిపోయారు. ఇంకో రెండు నిమిషాల్లో 'ప్యాకేజీ' మాట వస్తుంది.

ఈ ఫోన్ల దెబ్బకు కొందరు అవార్డులంటేనే దండం పెట్టేస్తారు. ఇంకొందరు డబ్బు కట్టి, స్టేజీ ఎక్కి, శాలువా కప్పించుకుని, ఆ ఫొటోను ఆఫీసు గోడకు తగిలించి ఊరుకుంటారు. రెండు రకాలవాళ్లూ నష్టపోతున్నారు. యాడ్ బడ్జెట్ పెద్దగా లేని సంస్థకు సరైన అవార్డు బాగా పనికొస్తుంది. మన సరుకు బాగుందని మనం చెబితే సొంత డబ్బా. మనతో సంబంధం లేని నలుగురు నిపుణులు పరీక్షించి చెబితే కొనేవాడు కాస్త ఆగి వింటాడు. అయితే ఆ నలుగురిని అతను నమ్మాలి. మొత్తం వ్యవహారం ఈ ఒక్కదాని మీదే ఆధారపడి ఉంది. కింద చెప్పేవన్నీ దాన్ని బట్టి తీసుకోవాల్సిన నిర్ణయాలే.

ఉదాహరణ కోసం గుంటూరు చుట్టుపక్కల కారం, పసుపు పొడి తయారుచేసే ఒక చిన్న యూనిట్ మీదనుకుందాం. మీది సాఫ్ట్‌వేర్ అయినా, హాస్పిటల్ అయినా, చేనేత అయినా పద్ధతి ఇదే.

1. ఎవరి కోసమో ముందు తేల్చుకోండి

ఒక కాగితం మీద మూడు పేర్లు రాయండి. ఈ ఏడాది ఎవరు 'సరే' అంటే మీ వ్యాపారం ముందుకు పోతుందో వాళ్ల పేర్లు. 'కస్టమర్లు' అని గంపగుత్తగా రాయకండి. 'హైదరాబాద్‌లో ఫలానా సూపర్ మార్కెట్ గొలుసుకు సరుకు కొనే మేనేజరు', 'దుబాయ్ ఇంపోర్టరు', 'వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ పెంచమని మనం అడుగుతున్న బ్యాంకు మేనేజరు'. ఇలా ఉండాలి.

ముగ్గురికీ ఒకే అవార్డు పని చేయదు. దుబాయ్ ఇంపోర్టరుకు స్పైసెస్ బోర్డు ఎగుమతి అవార్డంటే అర్థమవుతుంది. కిరాణా కొట్టుకొచ్చే గృహిణికి ఆ బోర్డు పేరు తెలియకపోవచ్చు. రుచి మీద వచ్చిన గుర్తింపయితే ఆవిడ చూస్తుంది. బ్యాంకు మేనేజరుకు ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం కనబడితే ధైర్యం. యూరప్ కొనుగోలుదారుడు పంపే పర్యావరణ ప్రశ్నావళి నింపేటప్పుడు ఇంధన పొదుపు అవార్డు ఒక గడిని నింపుతుంది. అదే అవార్డును కారం ప్యాకెట్ మీద వేస్తే ఎవరికీ ఏమీ పట్టదు.

తర్వాత ఫోన్ తీసుకుని మీకు బాగా తెలిసిన నలుగురైదుగురు కొనుగోలుదారులను అడగండి: "ఏ అవార్డు వచ్చిందంటే మీరు నమ్ముతారు?" కొందరు "ఏదీ చూడం" అంటారు. నలుగురూ అదే మాటంటే ఈ పనంతా పక్కన పెట్టి ఆ డబ్బుతో శాంపిళ్లు పంపుకోవడం మేలు. ఒక పేరు రెండుసార్లు వినబడితే అదే మీ మొదటి ఎంపిక.

2. ఎక్కడెక్కడ ఏమున్నాయో వెతకండి

కేంద్ర ప్రభుత్వ అవార్డులతో మొదలుపెట్టండి. ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) మంత్రిత్వ శాఖ చిన్న సంస్థలకు జాతీయ అవార్డులు ఇస్తుంది. వీటికి ఉద్యమ్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) రిజిస్ట్రేషన్ కాగితాలు సిద్ధంగా ఉంచుకోవాలి. స్టార్టప్‌లకు డీపీఐఐటీ (కేంద్ర వాణిజ్య శాఖలోని పరిశ్రమల విభాగం) 2020లో జాతీయ స్టార్టప్ అవార్డులు ప్రారంభించింది. ఇంధన పొదుపుకు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏటా డిసెంబర్ 14న, జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం నాడు అవార్డులిస్తుంది. చేనేత రంగంలో సంత్ కబీర్, జాతీయ చేనేత అవార్డులున్నాయి. వాటికి ఆగస్టు 7, జాతీయ చేనేత దినోత్సవం, ముఖ్యమైన రోజు. ఎగుమతిదారులకు స్పైసెస్ బోర్డు, రొయ్యల వాళ్లకు ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ), రంగమేదైనా ఫియో (ఎగుమతిదారుల సమాఖ్య) ఇస్తాయి.

ఆ తర్వాత వాణిజ్య మండళ్లు. హైదరాబాద్‌లో ఎఫ్‌టీసీసీఐ (పాతవాళ్లకు ఫ్యాప్సీ అంటేనే తెలుస్తుంది) ఏటా ఎక్సలెన్స్ అవార్డులిస్తుంది. సీఐఐ కూడా అనేక విభాగాల్లో ఇస్తుంది; దాని ఇంధన నిర్వహణ అవార్డును నడిపే గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉన్నది హైదరాబాద్‌లోనే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, చిన్న సంస్థ రాష్ట్రస్థాయితో మొదలుపెట్టడమే తెలివి. అక్కడ పోటీ తక్కువ, స్థానిక పత్రికలకు వార్తగా పనికొస్తుంది, పైగా పెద్ద ఎంట్రీ రాయడానికి సాధన అవుతుంది.

మూడోది, మీ రంగంలో వాళ్లే ఇచ్చుకునేవి. ఇవి బయటివాళ్లకు తెలియకపోయినా లోపలివాళ్లకు బాగా తెలుసు. అరకు కాఫీ సంగతి చూడండి. 2018లో ప్యారిస్‌లో ప్రీ ఎపిక్యూర్ పోటీలో దానికి బంగారు పతకం వచ్చింది. ఆ పోటీ పేరు మనలో ఎంతమందికి తెలుసు? తెలియక్కర్లేదు. ప్యారిస్‌లో ఖరీదైన కాఫీ కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ తెలిస్తే చాలు. ఇటు మన పత్రికలకు 'గిరిజన రైతుల కాఫీకి ప్యారిస్‌లో బంగారం' అన్న వార్త దొరికింది. ఒకే పతకం, రెండు చోట్ల రెండు రకాలుగా పని చేసింది.

లైసెన్సును, సర్టిఫికెట్‌ను అవార్డుల్లో కలపకండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు ఉండటం గొప్ప కాదు, అది లేకుండా అమ్మకూడదు. ఐఎస్ఓ, ఎన్ఏబీహెచ్ (ఆసుపత్రులకు), జెడ్ (చిన్న పరిశ్రమలకు) నాణ్యత సర్టిఫికెట్లు విలువైనవే కానీ అవి 'ఈ స్థాయి ఉంది' అని చెబుతాయి తప్ప 'పోటీలో గెలిచారు' అని చెప్పవు. ప్రెస్ నోట్‌లో ఐఎస్ఓ 'అవార్డు' అని రాస్తే బిజినెస్ పేజీ చూసే సబ్‌ఎడిటరు అక్కడితో చదవడం ఆపేస్తాడు.

3. డబ్బిస్తే వచ్చే అవార్డును పసిగట్టండి

ఫీజు ఉందంటే మోసమని అనుకోనక్కర్లేదు. బ్రిటన్‌లో 1994 నుంచి నడుస్తున్న గ్రేట్ టేస్ట్ అవార్డులకు కూడా ప్రతి ఉత్పత్తికీ ఎంట్రీ ఫీజు ఉంటుంది. అక్కడ బ్రాండ్ పేరు కనబడకుండా జడ్జీలు రుచి చూస్తారు. అవార్డుగా ఇచ్చే నక్షత్రాలు వచ్చినా రాకపోయినా మీ ఫీజు పోయినట్టే. బ్రస్సెల్స్‌లోని మోండ్ సెలెక్షన్ ఇంకో రకం. అక్కడ ఒకరితో ఒకరికి పోటీ ఉండదు, వచ్చిన మార్కుల్ని బట్టి పతకం. కాబట్టి ఒకే ఏడాది ఎంతోమందికి బంగారం రావచ్చు. అది తప్పు కాదు కానీ, 'ప్రపంచ విజేత' అని చెప్పుకుంటే తప్పు.

ఫీజు ఎప్పుడు అడిగారన్నది చూడండి. దరఖాస్తుతో పాటు అందరి దగ్గరా తీసుకుంటే అది నిర్వహణ ఖర్చు. 'సెలెక్ట్ అయ్యారు' అని చెప్పాక అడిగితే అది ధర.

అనుమానం తీరడానికి నాలుగు పనులు చేయండి. నిరుడు ఎవరికి వచ్చిందో జాబితా అడగండి. మీ రంగంలో గట్టి కంపెనీలు అందులో ఒక్కటీ లేకపోతే వదిలేయండి. ఆ జాబితాలో ఒకరికి నేరుగా ఫోన్ చేసి "ఎంతయింది? ఏం ఒరిగింది?" అని అడగండి, వ్యాపారస్తులు ఇలాంటివి దాచుకోరు, కాస్త కడుపుమంటతోనైనా చెప్పేస్తారు. జ్యూరీ పేర్లు ఉన్నాయా, ఆ మనుషులు మీ రంగంలో పనిచేసినవాళ్లా అని చూడండి. నాలుగోది చాలా తేలిక: కేటగిరీలు లెక్కపెట్టండి. 'దక్షిణ భారతదేశంలో అత్యంత విశ్వసనీయ వర్ధమాన మసాలా బ్రాండ్, మహిళా నాయకత్వం' లాంటి కేటగిరీ ఉందంటే వచ్చినవాళ్లందరికీ సరిపడా కుట్టించిన చొక్కాలన్నమాట.

కాస్త మొహమాటం లేకుండా చెప్పాలంటే, ఇలాంటి అవార్డు ఊరికే ఇచ్చినా తీసుకోకండి. మీరు కాగితం మీద రాసుకున్న ముగ్గురిలో ఒకరు ఆ పేరును ఫోన్‌లో వెతికారంటే, మీ అసలైన విజయాలను కూడా అనుమానిస్తారు.

అసలైన అవార్డుకూ ఖర్చుంటుంది. ఎంట్రీ ఫీజు, దాని మీద జీఎస్టీ, ఢిల్లీయో ముంబయో అయితే ఇద్దరి ప్రయాణం, హోటల్, కొన్నిచోట్ల డిన్నర్ టేబుల్, ఎంట్రీ రాసే మనిషి సమయం. ఈ మొత్తం ముందే వేసుకుని, అదే డబ్బుకు జిల్లా ఎడిషన్‌లో ఎంత ప్రకటన వస్తుందో పక్కన రాసుకోండి. చిన్న సంస్థకు ఏడాదికి రెండు ఎంట్రీలు చాలు. ఐదారు చోట్ల అరకొరగా పంపేకన్నా ఒకటి గట్టిగా రాసి పంపడం నయం.

4. క్యాలెండర్ వెనక్కి లెక్కపెట్టండి

అవార్డు ఇచ్చే తేదీ మీద కాదు, దరఖాస్తు ఆఖరు తేదీ మీద మీ కళ్లుండాలి. వేడుక డిసెంబర్‌లో ఉంటే దరఖాస్తులు నెలల ముందే ముగిసిపోతాయి. పోయిన ఏడాది నోటిఫికేషన్ ఎప్పుడు వచ్చిందో చూసి, దానికి రెండు నెలల ముందు గోడ క్యాలెండర్ మీద గీత పెట్టండి. చాలా అవార్డులు గడచిన ఆర్థిక సంవత్సరం లెక్కలు అడుగుతాయి, అంటే ఆడిటరు దగ్గర పని పడుతుంది. రిటర్నుల సీజన్‌లో ఆడిటరును సంతకం కోసం పట్టుకోవడం ఎంత టెన్షనో మీకు నేను చెప్పక్కర్లేదు.

5. ఆధారాల ఫైలు ఏడాది పొడుగునా పెంచండి

ఎంట్రీ రాయడం కష్టంగా అనిపించడానికి చాలాసార్లు కారణం భాష కాదు, చేతిలో లెక్కలు లేకపోవడం. గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డరు పెట్టి నెలకోసారి అందులో పడేయండి: కరెంటు బిల్లులు, సరుకు వాపసు రిజిస్టరు ఫొటో, ల్యాబ్ రిపోర్టులు, కొత్త యంత్రం బిగించక ముందు, బిగించాక తీసిన ఫొటోలు, కొనుగోలుదారుల మెచ్చుకోలు మెయిళ్లు, పనివాళ్ల శిక్షణ హాజరు పట్టీ. ఈ ఫోల్డరు అవార్డు కోసమే కాదు, బ్యాంకుకూ ఆడిట్‌కూ పనికొస్తుంది.

6. ఎంట్రీ రాయండి: ఇక్కడ తొందర పడకండి

ఎక్కువ ఎంట్రీలు ఓడిపోయేది ఇక్కడే. మన కారం మిల్లుకు ఫారంలో ఒక ప్రశ్న వచ్చిందనుకోండి: 'గత ఏడాది నాణ్యతలో మీరు తెచ్చిన మెరుగుదలను 200 పదాల్లో వివరించండి.'

సాధారణంగా వచ్చే జవాబు ఇలా ఉంటుంది:

"మా సంస్థ నాణ్యతకు మారుపేరు. అత్యాధునిక యంత్రాలు, నిపుణులైన సిబ్బంది, నిరంతర కృషితో వినియోగదారుల ఆదరాభిమానాలు చూరగొంటున్నాం. నాణ్యత విషయంలో ఎన్నడూ రాజీ పడం."

ఇందులో మీ కంపెనీ పేరు తీసేసి పక్క ఊరి మిల్లు పేరు పెట్టినా తేడా రాదు. జ్యూరీ మనిషి ఒకే సాయంత్రం కూర్చుని ఇలాంటివి వరసగా చదువుతుంటాడు. ఆయన మార్కు వేయడానికి ఇందులో ఏమీ లేదు. ఇప్పుడు ఇది చూడండి (అంకెలు ఉదాహరణ కోసం ఊహించి రాసినవి):

"యార్డు నుంచి వచ్చే మిరపకాయల్లో తేమ ఒక్కో లాటుకు ఒక్కోలా ఉండేది. తడి లాటు కలిస్తే నిల్వలో కారం గడ్డకట్టి, రంగు తగ్గి, డీలర్లు సరుకు తిప్పి పంపేవారు. జూన్‌లో తేమ మీటరు కొన్నాం. 11 శాతం దాటిన లాటును దించుకోవడం మానేశాం. దీనివల్ల మొదటి మూడు వారాలు సరుకు చాలక మిల్లు రోజుకు ఒక షిఫ్టే నడిచింది. ఆరు నెలల్లో వాపసు వందకు 4 బస్తాల నుంచి 1కి తగ్గింది. వాపసు రిజిస్టరు, మీటరు రీడింగుల పుస్తకం నకళ్లు జతచేశాం."

ఏం జరిగిందో గమనించండి. సమస్య ఉంది, చేసిన పని ఉంది, దానికి కట్టిన మూల్యం ఉంది, ఫలితం ఉంది, రుజువు ఉంది. మిల్లు ఒక షిఫ్టే నడిచిందన్న వాక్యాన్ని చాలామంది యజమానులు కొట్టేయమంటారు, పరువు తక్కువని. కొట్టేయకండి. మిగతాదంతా నిజమని జ్యూరీకి నమ్మకం కలిగించేది ఆ వాక్యమే.

రాసేటప్పుడు ఇంకొన్ని చూసుకోండి. ప్రశ్న అడిగినదానికే జవాబు చెప్పండి. మీ తాతగారు మిల్లు పెట్టిన చరిత్ర వేరే గడిలో రాయొచ్చు. 200 పదాలంటే 200 పదాలే. మార్కుల పట్టిక ఇచ్చి ఉంటే ఎక్కువ మార్కులున్న చోట ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఫారం ఇంగ్లిష్‌లో ఉంటే ముందు విషయం తెలిసినవాళ్లతో, అంటే మిల్లు సూపర్‌వైజరుతో, తెలుగులో చెప్పించి రాసుకుని ఆ తర్వాత ఇంగ్లిష్ చేయించండి. ఏజెన్సీ కుర్రాడు ఇంగ్లిష్‌లో మొదలుపెడితే మళ్లీ 'అత్యాధునిక' దగ్గరికే వస్తాడు. రేట్లు, కొనుగోలుదారుల పేర్లు బయటికి పోకూడదనుకుంటే ఆ భాగం గోప్యమని ఫారంలోనే రాయండి. చివరగా, వ్యాపారంతో సంబంధం లేని ఒకరి చేత చదివించండి. వాళ్లకు అర్థంకాని చోట జ్యూరీకీ అర్థం కాదు.

7. ఫలితం రాకముందే సరంజామా సిద్ధం చేసుకోండి

తుది జాబితాలో పేరు వచ్చిందంటే అదే మొదటి వార్త. 'ఫైనల్స్‌కు చేరిన ఐదు సంస్థల్లో మనది ఒకటి' అని వాట్సాప్ స్టేటస్‌లో, లింక్డ్‌ఇన్‌లో, డీలర్ల గ్రూపులో పెట్టొచ్చు. నిర్వాహకులు ఫలానా తేదీ దాకా బయట పెట్టవద్దంటే మాత్రం ఆగాలి.

ఈలోగా యజమాని ఫొటో, మిల్లు లోపలి ఫొటో, సంస్థ గురించి నాలుగు వాక్యాలు, యజమాని మాటగా రెండు వాక్యాలు తయారుచేసి పెట్టుకోండి. గెలిచిన రాత్రి తొమ్మిదింటికి ఇవన్నీ వెతుక్కుంటూ కూర్చుంటే మర్నాటి పేపరు దాటిపోతుంది. ఆ మర్నాడు పంపితే పాత వార్త.

వేడుకలో ఫొటో కోసం నిర్వాహకుల ఫొటోగ్రాఫరును నమ్ముకోకండి. వాళ్ల ఫొటోలు మీ చేతికి వచ్చేసరికి వారం పడుతుంది. మీతో వచ్చిన మనిషిని స్టేజీ ముందు నిలబెట్టి అడ్డంగా పట్టిన ఫోన్‌తో నాలుగైదు తీయించండి. జ్ఞాపిక మీద అక్షరాలు కెమెరా వైపు ఉండాలి. వీలైతే సూపర్‌వైజరునో, పాత ఆపరేటరునో వెంట తీసుకెళ్లి స్టేజీ ఎక్కించండి. మర్నాటి నుంచి మిల్లులో మీ తరఫున ప్రచారం చేసేది ఆయనే.

8. ప్రెస్ నోట్: అవార్డు వార్త కాదు, దాని వెనకున్నది వార్త

'ఫలానా సంస్థకు ప్రతిష్ఠాత్మక అవార్డు' అని శీర్షిక పెట్టిన నోట్లు ప్రతి పత్రిక డెస్కుకూ రోజూ వస్తాయి. అవి ప్రకటనల విభాగానికి పోతాయి, లేకపోతే చెత్తబుట్టకు. అదే విషయాన్ని ఇలా మొదలుపెట్టి చూడండి:

"కొనే ముందే మిరపకాయల తేమను కొలిచి, సరుకు వాపసును నాలుగో వంతుకు తగ్గించిన గుంటూరు జిల్లా కారం మిల్లుకు రాష్ట్రస్థాయి నాణ్యత అవార్డు లభించింది. తేమ ఎక్కువున్న సరుకును తిప్పి పంపి ఊరుకోకుండా, ఆరబెట్టే పద్ధతి రైతులకు చెప్పి మళ్లీ తెప్పించుకోవడం జ్యూరీ మెప్పు పొందింది."

ఇందులో రైతు ఉన్నాడు, కాబట్టి జిల్లా పేజీకి పనికొస్తుంది. వ్యవసాయ పేజీ చూసేవాళ్లు ఫోన్ చేసి 'ఆరబెట్టే పద్ధతి ఏంటండీ' అని అడిగే అవకాశమూ ఉంది. అలా వచ్చే ఫీచరు అవార్డు వార్త కన్నా పది రెట్లు విలువైనది. (రైతులకు చెప్పడం నిజంగా జరిగితేనే రాయాలని వేరే చెప్పాలా?) బిజినెస్ పేజీకి పంపేటప్పుడు ఇదే నోటులో టర్నోవరు, ఉద్యోగుల సంఖ్య, వచ్చే ఏడాది పెట్టుబడి ముందుకు తెండి. ఒకే నోటు అందరికీ కొట్టేయకండి.

పంపే పద్ధతిలో చిన్న చిన్న విషయాలే అడ్డం పడతాయి. నోటు ఒక పేజీ దాటకూడదు. పీడీఎఫ్ ఒక్కటే పంపితే దాన్ని మళ్లీ టైపు చేసే ఓపిక ఎవరికీ ఉండదు. యూనికోడ్‌లో టైపు చేసిన మ్యాటరును మెయిల్‌లోనే అతికించండి. వాట్సాప్‌లో ఫొటో మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి అచ్చులో మసకబారుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటో కింద 'ఎడమ నుంచి' అంటూ పేర్లు, హోదాలు రాయండి. మీ మండలం కంట్రిబ్యూటరుకు (అక్కడి వార్తలు పత్రికకు పంపే విలేకరికి) ముందు ఫోన్ చేసి చెప్పండి, డెస్కుకు నేరుగా పంపి ఆయన్ను దాటేస్తే నొచ్చుకుంటారు, అందులో న్యాయమూ ఉంది. "యాడ్ ఇస్తే వేస్తాం" అని ఎవరైనా అంటే అది మీ ఇష్టం. కానీ డబ్బిచ్చి వేయించుకున్నదాన్ని తర్వాత 'పత్రికల్లో వచ్చింది' అని చూపించుకోకండి.

ఫ్లెక్సీ విషయం. పట్టణం నడిబొడ్డున యజమాని నిలువెత్తు బొమ్మతో ఫ్లెక్సీ కట్టడం మనవాళ్లకు సరదా. మీ ముగ్గురిలో ఒక్కరైనా ఆ సెంటర్లో తిరుగుతారా? తిరగకపోతే ఆ డబ్బుతో పనివాళ్లకు బిర్యానీ పెట్టండి.

9. పేపర్లో వచ్చాక అసలు పని మొదలు

వార్త మర్నాటికి పాతబడుతుంది, అవార్డు ఏడాది పాటు పని చేస్తుంది. మొదట ఆ ముగ్గురికీ మీరే స్వయంగా చెప్పండి. దుబాయ్ ఇంపోర్టరుకు ఎంట్రీలోని తేమ కథను ఒక పేజీ చేసి, ల్యాబ్ రిపోర్టు జతచేసి పంపండి. అఫ్లాటాక్సిన్ (తేమకు పట్టే బూజు నుంచి వచ్చే విషం) భయంతో ఉండే కొనుగోలుదారుడికి అవార్డు బొమ్మ కన్నా ఆ పేజీయే ముఖ్యం. బ్యాంకు ఫైల్లో ప్రశంసాపత్రం నకలు పెట్టించండి. కొటేషన్లు, ఇన్‌వాయిస్, మెయిల్ సంతకం, గూగుల్ బిజినెస్ పేజీ, ఉద్యోగ ప్రకటనలు, ఎగ్జిబిషన్ స్టాల్ బోర్డు, ఇవన్నీ ఒక్కరోజులో మార్చేయొచ్చు. ఉద్యోగ ప్రకటనలో దీని ఫలితం యజమానులు ఊహించినదానికన్నా ఎక్కువ. పల్లెటూరి మిల్లుకు క్వాలిటీ కెమిస్టును రప్పించడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకు ఇది అర్థమవుతుంది.

ప్యాకెట్ దగ్గర మాత్రం ఆగండి. పౌచ్ డిజైను మారిస్తే ప్రింటింగ్ సిలిండర్లు మళ్లీ చేయించాలి, అది ఖరీదైన పని. పైగా వచ్చే ఏడాదికి ఆ అవార్డు పాతదవుతుంది, మీ దగ్గర రోల్స్ మిగిలే ఉంటాయి. గుండ్రటి స్టిక్కరు వేయించుకోండి చాలు. అవార్డు లోగో వాడుకోవడానికి షరతులేమిటో నిర్వాహకుల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి, కొన్ని సంస్థలు లోగోకు విడిగా ఫీజు అడుగుతాయి.

ప్రకటనల్లో అవార్డును వాడేటప్పుడు నియమాలున్నాయి. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (దాన్నీ ఆస్కీ అనే అంటారు, హైదరాబాద్ బెల్లా విస్టాలోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఆస్కీతో పొరబడకండి) 2020లో అవార్డులు, ర్యాంకుల వాడకం మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది. స్థూలంగా చెప్పాలంటే, అవార్డు ఇచ్చిన సంస్థ స్వతంత్రమైనది, నమ్మదగినది అయ్యుండాలి. ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో ప్రకటనలో కనబడాలి. అది స్వీయ నియంత్రణ సంస్థ. చట్టం వేరే ఉంది: 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. 'రాష్ట్రస్థాయి ఎంఎస్ఎంఈ విభాగంలో రెండో స్థానం' అన్నదాన్ని 'దేశంలోనే నంబర్ వన్' చేయకుండా ఉంటే మీకు ఈ బెడద లేదు. విభాగం పేరు, స్థానం, సంవత్సరం, సంస్థ. ఈ నాలుగూ ఎప్పుడూ కలిపే రాయండి.

ఈ వ్యాసం చదివేది లాయరు, డాక్టరు అయితే ఒక మాట. బార్ కౌన్సిల్ నియమావళిలోని 36వ నియమం లాయర్ల ప్రకటనల మీద ఆంక్షలు పెడుతుంది, వైద్యుల వృత్తి నియమాలూ రోగులను ఆకర్షించే ప్రచారాన్ని ఒప్పుకోవు. అవార్డు వచ్చినా ఎలా చెప్పుకోవాలో ముందు మీ కౌన్సిల్ నియమాలు చూసుకోండి. పద్మ పురస్కారాలకైతే ఇంకా గట్టి మాట ఉంది: అవి బిరుదులు కావనీ, పేరుకు ముందూ వెనకా తగిలించుకోకూడదనీ సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది.

10. రాకపోతే

నిర్వాహకులను మర్యాదగా అడగండి, ఎక్కడ మార్కులు తగ్గాయని. కొందరు చెబుతారు. రాసిన ఎంట్రీ వృథా పోదు. కొద్దిగా మార్చి వెబ్‌సైట్‌లో పెట్టండి, కొనుగోలుదారులకు పంపండి, మరుసటి ఏడాది వేరే చోటికి వాడండి. గెలిచినవాళ్లను అభినందిస్తూ నాలుగు మాటలు రాయండి. వాళ్లు మీ రంగంలోనే ఉంటారు, ఎక్కడో ఎదురుపడతారు. జ్యూరీ మీద సోషల్ మీడియాలో అక్కసు వెళ్లగక్కేవాళ్లను చూశాను, దానివల్ల వాళ్లకు ఒక్క ఆర్డరూ రాలేదు.

11. లెక్క రాసుకోండి

కొత్తగా ఫోన్ చేసిన ప్రతివాళ్లనూ "మా గురించి ఎక్కడ విన్నారు?" అని అడిగి ఒక రిజిస్టరులో రాయమని ఫోన్ ఎత్తేవాళ్లకు చెప్పండి. అవార్డు వచ్చిన నాటి నుంచి ఆరు నెలలు చాలు. మొదటి రోజు రాసుకున్న మూడు పేర్ల పక్కన కూడా ఏం జరిగిందో రాయండి: మేనేజరు అపాయింట్‌మెంట్ ఇచ్చాడా, శాంపిల్ అడిగాడా, లిమిట్ పెరిగిందా. ఆ పేజీ పక్కన మొత్తం ఖర్చు వేయండి. వచ్చే ఏడాది అదే అవార్డుకు మళ్లీ ఫీజు కట్టాలా, వేరేది చూడాలా, అసలు మానేయాలా అన్నది ఆ రెండు పేజీలు పక్కపక్కన పెట్టుకుని ఆడిటరు ఎదురుగా కూర్చుని తేల్చుకోండి.